పసిఫిక్ అవెన్యూ ఫైర్ స్టేషన్ పెద్దాయన

శాన్ ఫ్రాన్సిస్కో చూడవచ్చిన చుట్టాలకు గోల్డెన్ గేట్ వంతెన చూపిస్తే చాలు, ఫొటోలు దిగి తృప్తిపడతారు. జాక్సన్ స్క్వేర్ వైపు ఎవరూ రారు. 1906 భూకంపం, దాని వెంటే చెలరేగిన మంటలు ఊరి నడిబొడ్డును బూడిద చేస్తే, ఇక్కడ కొన్ని ఇటుక కట్టడాలు దక్కాయి. ఆనుకునే ఉన్న పసిఫిక్ అవెన్యూ ఒకప్పుడు సారాకొట్లకూ నాట్యశాలలకూ పేరుమోసిన వీధి. అందులో 451 నంబరు పాత ఫైర్ స్టేషన్. 1960లలో హోవర్డ్ గాసేజ్ యాడ్ ఏజెన్సీ నడిపింది అందులోనే.

ఆయన 1917లో షికాగోలో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో నేవీ పైలట్. మాట్లాడితే నత్తి. రాస్తే మాత్రం తడబాటు ఉండేది కాదు. ప్రకటనల డబ్బంతా న్యూయార్క్ మాడిసన్ అవెన్యూలో తిరుగుతున్న కాలంలో, మూడువేల మైళ్ల ఇవతల చిన్న ఏజెన్సీతో సరిపెట్టుకున్నాడు. చెప్పిందే పదిసార్లు చెప్పడం ఆయనకు గిట్టదు. పేజీ నిండా కబుర్లు రాసి, చివర కత్తిరించి పంపమని కూపన్ పెట్టేవాడు. క్వాంటాస్ విమానాలకు కంగారూ బహుమతి, ఫినా పెట్రోలు బంకులకు టైర్లలో కొట్టే గులాబీ రంగు గాలి, సైంటిఫిక్ అమెరికన్ పత్రికకు కాగితం విమానాల పోటీ. ఆ పోటీకి 11 వేలకు పైగా విమానాలు వచ్చిపడ్డాయి. అవి పంపినవాళ్లంతా తీరిక లేని జనమని ఎలా అనగలం?

ఇవన్నీ సరదాలు. నా లెక్కలో ఆయన అసలు పని 1966 జూన్ 9న పత్రికల్లో పడింది. గ్రాండ్ కాన్యన్ దగ్గర కొలరాడో నదిమీద రెండు ఆనకట్టలు కట్టాలని ప్రభుత్వం తలపెట్టింది. ఈ శాన్ ఫ్రాన్సిస్కోలోనే 1892లో పుట్టిన ప్రకృతి పరిరక్షణ సంఘం సియెర్రా క్లబ్ అడ్డుపడింది. దాని నాయకుడు డేవిడ్ బ్రోవర్ గాసేజ్ దగ్గరికి వచ్చాడు. గాసేజ్, ఆయన భాగస్వామి జెర్రీ మాండర్ కలిసి న్యూయార్క్ టైమ్స్, వాషింగ్టన్ పోస్ట్‌లలో పూర్తి పేజీ ప్రకటన వేయించారు. అందులోనూ కూపన్లే: ప్రెసిడెంటుకొకటి, మంత్రి స్టీవర్ట్ ఉడాల్‌కొకటి, కాంగ్రెసు సభ్యులకు కొన్ని. ఆనకట్ట కట్టించాడని కాటన్ దొర విగ్రహానికి దండలు వేసే గోదావరి జిల్లావాణ్ణి నేను. ఆనకట్ట వద్దని పోరాడేవాళ్లుంటారని ఇక్కడికొచ్చాకే తెలిసింది.

మర్నాడే పన్నుల శాఖ నుంచి క్లబ్బుకు నోటీసు వచ్చింది, విరాళాలమీద పన్ను మినహాయింపు ఇక అనుమానమేనని. అదే బెడిసికొట్టింది. కాన్యన్ సంగతి పట్టనివాళ్లు కూడా, పౌరుల నోరు నొక్కుతారా అని క్లబ్బులో చేరారు. జలాశయం నిండితే యాత్రికులు పడవల్లో కొండ అంచులు దగ్గరగా చూడొచ్చన్న వాదనకు తర్వాత వచ్చిన ఒక ప్రకటన జవాబిచ్చింది: పైకప్పు బొమ్మలు దగ్గరగా కనబడాలని సిస్టైన్ చాపెల్‌ను కూడా నీటితో నింపుదామా అని. 1968లో వచ్చిన కొలరాడో నది చట్టంలో ఆ ఆనకట్టలు లేవు.

హోర్డింగులంటే ఆయనకు ఒళ్లుమంట. పత్రికను మూసేయొచ్చు, రేడియో కట్టేయొచ్చు, దారిలో నిలబడ్డ బోర్డును ఏం చేస్తామని 1960లోనే హార్పర్స్‌లో రాశాడు. ఇవాళ విమానాశ్రయం నుంచి హైవే 101 మీదుగా ఊళ్లోకి వస్తే దారి పొడవునా ఏఐ కంపెనీల బోర్డులే. ఒక్కదాన్లోనైనా మనతో మాట్లాడే వాక్యం ఉందా అంటే, నాకైతే కనబడలేదు.

మీడియా సిద్ధాంతకర్త మార్షల్ మక్లూహన్‌ను 1965లో అమెరికాకు పరిచయం చేయడానికి తిరిగిందీ, అంగ్విల్లా అనే బుల్లి దీవి స్వాతంత్ర్యం ప్రకటించుకుంటే దాని తరఫున న్యూయార్క్ టైమ్స్‌లో పేజీ వేయించిందీ ఈయనే. ఇవన్నీ ఏజెన్సీకి ఏం సంపాదించిపెట్టాయని అడక్కూడదు.

1969 జులైలో లుకేమియాతో పోయాడు, 51 ఏళ్లకే. అప్పటికే సియెర్రా క్లబ్ నుంచి బయటికొచ్చిన బ్రోవర్ ఆ ఏడే ఫ్రెండ్స్ ఆఫ్ ది ఎర్త్ స్థాపించాడు. దాని అప్పటి శాన్ ఫ్రాన్సిస్కో చిరునామా 451 పసిఫిక్ అవెన్యూ.