లంబాడీల వ్రేలాడు వస్త్రశిల్పము

గుంటూరునుండి విజయవాడకు పోవు మార్గమున పెదకాకాని యొద్ద నిలిచి చూచినవారికి పత్తిబేళ్లు, మిరపబస్తాలు నింపుకొని సాగిపోవు లారీలు కానవచ్చును. లారీలును, రైలుబండ్లును లేని కాలమున ఇట్టి బరువులను దూరదేశములకు చేర్చినవి పెరికెడ్లు. వానిని తోలినవారిలో ముఖ్యులు లంబాడీలు. సుగాలీలనియు, బంజారాలనియు పిలువబడువారు వీరే.

వీరి బిడారులు సామాన్యమైనవి కావు. 17వ శతాబ్దమున మనదేశమున సంచరించిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే 10,000, 12,000 ఎద్దులు ఒక్కటిగా సాగిపోవుట చూచి విస్మయము చెందెను. మొగలు సైన్యములకు ధాన్యము నందించినవారు వీరే. బీరారు దూదిని కోస్తా నేతగాండ్రకు తెచ్చి, తిరుగు ప్రయాణమున సముద్రతీరపు ఉప్పును ఎగువ సీమలకు కొనిపోయెడివారు.

నిత్యము నడచువానికి గోడ లేదు, బీరువా లేదు. దాచుకొనవలసిన వస్తువేదైనను ఎద్దు మూపుననో, మనిషి భుజముననో, గుడారపు కొయ్యకో వ్రేలాడవలసినదే. కావున లంబాడీల కళయు వ్రేలాడు కళ యైనది. సంచులు, కడవపై కప్పు గుడ్డలు, తలవెనుక జారు పట్టీలు, ఎద్దులకు కట్టు అలంకారములు ఇందులకు నిదర్శనములు.

ఈ పనియందు వ్యర్థమను మాట లేదు. చినిగిన బట్టలను పొరలుగా పేర్చి దగ్గర కుట్లతో బిగింతురు. అట్లు బిగించిన పాతగుడ్డ కొత్తగుడ్డకంటె ఎక్కువ బరువును ఓర్చును. దానిపై ఎఱ్ఱని, నీలి, పసుపు ముక్కలు అతికి, అద్దపుబిళ్లలు, ఉన్ని కుచ్చులు, చెలామణి తప్పిన నాణెములు కుట్టుదురు. అంచున గవ్వలు వరుసదీరును. గవ్వల బరువునకు గుడ్డ ముడుచుకొనక నిలువుగా జారును. అందము, ఉపయోగము ఒక్క కుట్టులోనే కలిసిపోవును. ఆ గవ్వలు మాల్దీవులనుండి ఓడలపై వచ్చి, బెంగాలు దేశమున 19వ శతాబ్దమువరకు డబ్బుగా చెల్లినవి.

బిడారులో దేవున కర్పించిన ఎద్దు ఒకటి యుండెడిది. దానిని హతాడియా యందురు. దానిపై బరువు వేయరు. ఎఱ్ఱ పట్టుపోగులు, ఇత్తడి గంటలు, గవ్వల పేరులు దానికి అలంకారములు. రోగము వచ్చినపుడు దాని పాదములకు మ్రొక్కెడివారని 19వ శతాబ్దమున కంబర్లెజ్ అను ఆంగ్లాధికారి వ్రాసెను.

ఆంగ్లేయుల ఉప్పు గుత్తాధికారము, బండిబాటలు, రైలుమార్గములు ఈ జీవనమును కూలద్రోసినవి. పని పోయిన జాతిపై అనుమానము బలిసినది. 1871నాటి నేరస్థజాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికిని వర్తింపజేయబడెను. సైన్యములకు అన్నము పెట్టినవారి సంతతికి పలుతావుల దొంగలను ముద్ర పడినది. 1952లో గాని ఆ చట్టము రద్దు కాలేదు.

సూది మాత్రము ఆగలేదు. కర్ణాటకమందలి సండూరు లంబాడీల కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. నేడు పాశ్చాత్య ప్రదర్శనశాలలలో పారవేసిన వస్తువులతో చేసిన వ్రేలాడు శిల్పములకు గొప్ప గౌరవమున్నది. ఘనాలో జన్మించిన ఎల్ అనాట్సుయి సీసామూతలను రాగితీగతో కూర్చి చేసిన మహాపటములు 2007లో వెనిసు ప్రదర్శనమున లోకమును ఆకర్షించినవి. ఆయన పేరు అందరికి తెలియును. మన తాండాలలో తరతరములుగా ఇట్టి కూర్పునే చేసిన స్త్రీల పేర్లు ఎవరును వ్రాసియుంచలేదు. పైగా పాత గుడ్డలను వర్తకులు కొని, కోసి, దిండుగలీబులుగా కుట్టి అమ్ముచున్నారు.

ఒక గుడ్డను కోసిన పిదప దాని చరిత్రను మరల అతుకలేము. ఏ తాండాలో, ఎవరి చేత, ఎందులకు కుట్టబడినదో అడిగి వ్రాసికొనుటకు ఒక కాగితము, ఒక కలము చాలును. కుట్టిన అవ్వ బ్రతికియుండగనే ఆ పని జరుగవలెను.