కోయ పడిగె: గుడ్డపై నిలిచిన వంశచరిత్ర

ఏటూరునాగారం పరిసరముల కోయలకు పడిగె యనిన త్రికోణాకారపు గుడ్డ పతాకము మాత్రమే కాదు. అది గట్టువారి వేలుపునకు గుర్తు, వంశచరిత్రము, మంగళసూచకము. రంగుగుడ్డలను కత్తిరించి, పూర్వుల రూపములను, జంతువులను దానిపై కుట్టుదురు. పండుగనాడు వెలికిదీసి పూజింతురు. డోలి కోయలు డోలు వాయించుచు, కంచుతాళము మ్రోగించుచు, ఆ బొమ్మల ననుసరించి పూర్వగాథలను పాడుదురు. అక్షరములు లేని గ్రంథమిది. చదువుట గాయకునికే తెలియును.

జపానువారు దరుమ బొమ్మకు కోరిక కోరునపుడు ఒక కన్ను, అది నెరవేరిన పిదప రెండవ కన్ను దిద్దుదురు. పాతబడినవానిని ఆలయమున కప్పగించి దహనము చేయింతురు. అట్లు కాలిపోవలసిన బొమ్మలు కొన్ని నేడు సేకర్తల బీరువాలలో నున్నవి. పడిగెలలోను కొన్ని పల్లె విడిచి ప్రదర్శనశాలలకు చేరినవి. చెదలు పట్టకుండుటకు అద్దాలపెట్టె మేలే. పాటకు మాత్రము అది చాలదు. పడిగెను కొనిపోవువారు గాయకుని కంఠమును గూడ ధ్వనిముద్రణము చేయించుట న్యాయము. సమ్మక్క సారలమ్మల వీరగాథను పాడిన మణుగూరు ప్రాంతపు డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ లభించినది. 2024లో వారు దివంగతులైరి.