ధాన్యకటకం నుండి చాంగాన్ వరకు: తాంగ్ రాజవిహారం, తార్నాక విద్యాప్రాంగణాలు – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

చైనాలోని షియాన్ నగరాన్ని సందర్శించేవారు దా త్సి-ఎన్ విహార ప్రాంగణంలోని ఇటుక గోపురాన్ని తప్పక చూస్తారు. ఏడంతస్తులతో దాదాపు 64 మీటర్ల ఎత్తున నిలిచిన ఈ గోపురం తాంగ్ వంశ ప్రాభవానికి చిహ్నంగా ప్రసిద్ధి పొందింది. ఆంధ్రదేశ చరిత్రకు కూడా ఈ విహారం ఒక ఆధారస్థానమని చూపడం, ఆ ఆధారాల అధ్యయనానికి హైదరాబాదులోని తార్నాక పరిసరాలకు గల అనుకూలతను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రాజవిహారం – అనువాదశాల

648లో యువరాజు లీ జి తన తల్లి స్మృత్యర్థం ఈ విహారాన్ని నిర్మింపజేశాడు. మరుసటి సంవత్సరమే అతడు గావోజాంగ్ పేరుతో చక్రవర్తి అయ్యాడు. 645లో భారతదేశం నుండి 657 గ్రంథాలతో తిరిగివచ్చిన హుయాన్‌త్సాంగ్‌కు ఇక్కడ అనువాదశాల ఏర్పడింది. మూలార్థాన్ని సరిచూసేవారు, శైలిని దిద్దేవారు, లేఖకులు కలిసి పనిచేసిన వ్యవస్థ అది. తెచ్చిన గ్రంథాలను, ప్రతిమలను భద్రపరచడానికి 652లో గోపురాన్ని కట్టారు. నేటి రూపానికి 8వ శతాబ్ది ఆరంభంలో జరిగిన పునర్నిర్మాణం ఆధారం. చక్రవర్తులిద్దరూ ఈ అనువాదాలను గూర్చి రచించిన పాఠాలు 653 నాటి శిలాఫలకాలపై గోపుర ద్వారం వద్ద నేటికీ ఉన్నాయి.

ధాన్యకటక సంబంధం

హుయాన్‌త్సాంగ్ సుమారు 639లో ఆంధ్రదేశానికి వచ్చాడు. ధాన్యకటకంలో పూర్వశైల, అపరశైల విహారాలను, శిథిలమవుతున్న అనేక సంఘారామాలను పేర్కొన్నాడు. శిష్యుడు హుయిలీ ప్రారంభించిన జీవితచరిత్ర ప్రకారం, ఆయన అక్కడ కొన్ని నెలలు ఉండి సుభూతి, సూర్య అనే భిక్షువుల వద్ద మహాసాంఘిక అభిధర్మాన్ని అభ్యసించాడు. వారు ఆయన వద్ద మహాయాన శాస్త్రాలు చదివారు. ఆ జీవితచరిత్ర శీర్షికలోనే త్సి-ఎన్ విహారం పేరుండటం గమనార్హం.

ఇంతకన్నా బలమైన ఆధారం మరొకటి ఉంది. హుయాన్‌త్సాంగ్ ధాన్యకటక పరిసరాలతో ముడిపెట్టిన మాధ్యమిక ఆచార్యుడు భావవివేకుడు. ఆయన ‘కరతలరత్నం’ 649లో ఈ విహారంలోనే చైనా భాషలోకి అనువాదమైంది. సంస్కృత మూలం లభించలేదు. ఎన్. అయ్యస్వామి శాస్త్రి 1949లో ప్రకటించిన సంస్కృత పాఠం చైనా అనువాదం నుండి పునర్నిర్మించినదే. అంటే, ఆంధ్రదేశంతో సంబంధమున్న ఒక తార్కికుని గ్రంథం నిలిచింది ఆ రాజవిహారం చేసిన అనువాదం వల్లనే.

తార్నాక పరిసరాలు

రాజపోషణలో అనువాద వ్యవస్థ హైదరాబాదుకూ పరిచితమే. ఉర్దూ మాధ్యమంలో ఉన్నతవిద్య కోసం నిజాం ప్రభుత్వం 1917లో దారుల్ తర్జుమాను స్థాపించింది. మరుసటి సంవత్సరం ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. విహారంలో అనువాదం ధర్మరక్షణకు, ఇక్కడ ఆధునిక శాస్త్రబోధనకు ఉద్దేశించినది. అయినా, పరభాషా జ్ఞానాన్ని వ్యక్తుల శ్రమకు వదలక సంస్థాగత బాధ్యతగా స్వీకరించడం రెండింటికీ సమానం.

1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనానికి చేరువలోనే, తార్నాకలో, ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది. ఒకచోట ప్రాచీన భారత చరిత్ర, పురావస్తు అధ్యయనం. మరొకచోట చైనా భాషాబోధన. తెలుగు చరిత్ర రచన మాత్రం హుయాన్‌త్సాంగ్‌ను ప్రధానంగా బీల్, వాటర్స్ ఆంగ్ల రచనల ద్వారానే గ్రహించింది. దీని పరిమితి స్థలనామాల విషయంలో స్పష్టమవుతుంది. ఆంధ్ర రాజధానిగా ఆయన పేర్కొన్న ‘పింగ్-చి-లో’ను వేంగిగా గుర్తించడం చైనా లిపిలో నమోదైన ధ్వనులపై ఆధారపడిన ఊహ. 7వ శతాబ్ది ఉచ్చారణ తెలియకుండా దానిని బలపరచడమూ, ఖండించడమూ సాధ్యం కాదు.

ముగింపు

త్సి-ఎన్ విహారాన్ని విదేశీ యాత్రాస్థలంగా మాత్రమే పరిగణిస్తే ఆంధ్ర బౌద్ధ చరిత్రలో ఒక అధ్యాయం తెలుగు పరిశోధనకు అందకుండా పోతుంది. ధాన్యకటక వర్ణనకు, ‘కరతలరత్నం’కు చైనా మూలం నుండి సవ్యాఖ్యానమైన తెలుగు అనువాదాలు అవసరం. పురావస్తు పరిశోధకుడు, చైనా భాషా విద్యార్థి, తెలుగు పండితుడు కలిసి కూర్చుంటేనే ఆ పని జరుగుతుంది. ఆ ముగ్గురూ నడిచి చేరుకోగల దూరంలో ఉన్న చోటు తార్నాక.