ముందు దూకేది మెల్లగా ఈదేవాడే

కర్ణాటకలోని పావగడ తాలూకా క్యాతగానచెర్లుకు సముద్రం చాలా దూరం. వాన తక్కువ, ఎండ ఎక్కువ. ఈ సీమలో పిల్లలు ఈత నేర్చేది బావుల్లోనే, ఒంటికి బెండ్లు కట్టుకుని. పందెం వేసుకుంటే పెద్దవాడు చిన్నవాణ్ణి నాలుగు బారలు ముందు పోనిస్తాడు. అదే పనిని గడియారం పట్టుకుని సముద్రంలో చేస్తే అది హ్యాండీక్యాప్ పందెం. వికలాంగుల పోటీ అనుకోకూడదు. బలాబలాల తేడాను ముందే లెక్కగట్టి పందేన్ని సమానం చేసే పద్ధతి ఇది.

ఈ ఆలోచన పుట్టింది నీళ్ళలో కాదు, గుర్రప్పందేల్లో. మంచి గుర్రం మీద ఎక్కువ బరువు వేసే లెక్కకు ఇంగ్లండులో అడ్మిరల్ రౌస్ ఒక పద్ధతి తెచ్చాడు. 1855లో ఆయనను ఆ పనికే నియమించారు. ఆస్ట్రేలియాలో 1878లో మొదలైన స్టావెల్ పరుగుపందెంలో బరువుకు బదులు దూరం వచ్చింది: నెమ్మదైనవాడు కొన్ని గజాలు ముందు నిలబడతాడు. నీళ్ళలో అలా గీత గీసి నిలబెట్టలేరు కనుక కాలాన్నే కొలతగా తీసుకున్నారు. లండన్ సర్పెంటైన్ చెరువులో 1864 నుంచి జరుగుతున్న క్రిస్మస్ ఉదయపు ఈత ఇలాంటిదే. దానికి 1904లో ‘పీటర్ పాన్’ రచయిత జె.ఎం. బారీ కప్పు బహూకరించాడు.

కానీ ఈ పద్ధతిని తన సొంతం చేసుకున్న నగరం డబ్లిన్. 1920లో, ఐర్లండంతా స్వాతంత్ర్య యుద్ధంలో ఉండగా, బెర్నార్డ్ ఫేగన్ అనే ఆయన లిఫీ నదిలో పందెం పెట్టాడు. 27 మంది దిగారు, జె.జె. కెనడీ గెలిచాడు. ఒడ్డున మూగిన జనాన్ని చిత్రకారుడు జాక్ బి. యేట్స్ 1923లో బొమ్మ కట్టాడు. మరుసటి ఏడు పారిస్ ఒలింపిక్స్ కళాపోటీల్లో దానికి రజతం వచ్చింది. స్వతంత్ర ఐర్లండుకు అదే తొలి ఒలింపిక్ పతకం! ఆడవాళ్ళకు లిఫీలో విడిగా పందెం మాత్రం 1991 దాకా రాలేదు. ఇంత ఆలస్యం నాకు బాధాకరంగానే తోస్తుంది.

లిఫీలో దిగాలంటే ఆ వేసవిలో డబ్లిన్ తీరపు సముద్ర పందేలు కొన్ని పూర్తిచేసి ఉండాలి. అసలు కథ అక్కడే ఉంది. రెండు కిలోమీటర్లు ఒకరు 30 నిమిషాల్లో, మరొకరు 45 నిమిషాల్లో ఈదుతారనుకోండి. రెండోవారు పావుగంట ముందు దూకుతారు. అందరికన్నా వేగం గలవారు అందరూ వెళ్ళేదాకా ఒడ్డున ఆగాల్సిందే. లెక్క సరిగ్గా కుదిరితే అందరూ ఒక్కసారే గట్టు చేరాలి. సముద్రం అలా కుదరనివ్వదు. పావుగంటలో పోటు తిరగవచ్చు, గాలి మారవచ్చు. ముందు వెళ్ళినవారికి దొరికిన నీరు వెనకవారికి దొరకదు. అందుకే లెక్కవేసే మనిషి అంకెలతోబాటు అలనూ చదవగలగాలి. గెలిచినవారి వెసులుబాటు తర్వాతి పందెంలో తగ్గుతుంది. అరవై ఏళ్ళ మనిషి ఇరవై ఏళ్ళ కుర్రవాడిని ఓడించే అవకాశం ఇంకే పందెంలో ఉంది?

మన వైపు సముద్రపు ఈత వేరే దారిలో పెరిగింది: ఒంటరి సాహసాల దారి. 1958లో మిహిర్ సేన్ ఇంగ్లీష్ చానల్ ఈదాడు, 1959లో ఆరతి సాహా, 1966లో మళ్ళీ మిహిర్ సేన్ పాక్ జలసంధి. తెలుగువాళ్ళలో గోలి శ్యామల 2021లో, 47వ ఏట, తలైమన్నార్ నుంచి ధనుష్కోడికి 13 గంటల 43 నిమిషాల్లో చేరారు. 2025 జనవరి మొదట్లో విశాఖ నుంచి కాకినాడ దాకా 150 కిలోమీటర్ల ఈత ముగించారు. నడివయసులో ఈత మొదలుపెట్టినవారు ఇంత దూరం వెళ్ళగలిగితే, అంత దూరం పోలేకున్నా కొంత దూరం ఈదగలవారు మన తీరంలో ఎందరుండరు! వాళ్ళకు రికార్డులు అక్కర్లేదు, కిలోమీటరు హ్యాండీక్యాప్ పందెం చాలు.

దానికి కావలసినవి కాపలా పడవలు, పోటుపాట్లు తెలిసిన జాలరులు, ప్రతి ఈతగాడి పాత వేళలు రాసిన పట్టిక. పడవలూ జాలరులూ విశాఖలో, భీమిలిలో ఇప్పటికే ఉన్నారు. పట్టిక మాత్రం ఒక్క పందెంతో తయారవదు. ఒక కాలమంతా, అవే నీళ్ళలో, అదే జట్టు పదేపదే ఈదాలి.