ఏ కాలానికి ఏ బీడు

చిత్రదుర్గం వైపు స్థిరపడిన మనలాంటి తెలుగు ఇళ్లలో ‘కావలు’ అనే మాట తెలియనివాళ్లు తక్కువ. మాట కన్నడానిది. మా ఇంట్లో కావలి బీడు అంటాం. సర్కారు గొడ్ల కోసం కాపలా పెట్టి కాచిన పచ్చిక నేల అది.

మైసూరు ఒడయర్ల నాటి మందను హైదర్ అలీ పెంచాడు, టిప్పు దానికి అమృతమహల్ అని పేరు పెట్టాడు. పేరులో అమృతం ఉన్నా, దండుకు కావలసింది ఫిరంగులు లాగే ఎద్దులు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక మంద ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది.

వేల గొడ్లు ఒకే చోట మేస్తే బీడు మిగలదు. అందుకని ఆ నేలలను ఎండకాలపువి, వానకాలపువి, చలికాలపువి అని మూడుగా విడదీశారు. చివరి రెండింట్లో ఆయా నెలల్లో నీళ్లుంటాయి, వేసవికి ఎండిపోతాయి. ఎండకాలపు బీడు దొరకడమే కష్టం. అవి ఎక్కువగా చెరువు లోపలి నేలలు. నీరు వెనక్కి తగ్గేకొద్దీ తడిమన్నులో గడ్డి లేస్తుంది, పక్కనే చెట్ల నీడ. మంద ఎంతుండాలో తేల్చేది శ్రావణంలో పచ్చదనం కాదు, చైత్రంలో ఈ గడ్డి. మాకు ఈ పద్ధతిలో అన్నిటికన్నా నచ్చింది అదే.

1860లో ఖర్చు ఎక్కువని మందను అమ్మేశారు. 1866లో మళ్లీ మొదలుపెట్టారు. ఆ ఆరేళ్ల తెలివి గురించి మేం ఏమీ అనం.

తర్వాత వచ్చిన శాస్త్రవేత్తలు ఇంకో దారి పట్టారు. దబడ్‌ఘావ్, శంకరనారాయణ 1973లో అచ్చయిన పుస్తకంలో దేశంలోని గడ్డినేలలను ఐదు రకాలు చేశారు. మన ప్రాంతం సెహిమా–డైకాంథియం రకంలోకి వస్తుంది. వాళ్లు చూసింది కాలాన్ని కాదు, ఏ గడ్డి ఎక్కువుందో. మేపు మితిమీరితే గొడ్లు ఇష్టపడే సెహిమా ముందు తగ్గుతుంది. సూదిలాంటి గింజ పంచెకు గుచ్చుకుంటుందే, ఆ గడ్డి దాని చోటుకొస్తుంది. ఇంకా మేపితే చీపురుగడ్డి. దూరం నుంచి బీడు నిండుగానే కనబడుతుంది, గొడ్డు కడుపు మాత్రం నిండదు. ఇన్ని ఎకరాలకు ఇన్ని గొడ్లు అని ఊరికే లెక్క కట్టడం అందుకే కుదరదు.

ఈమధ్య చళ్లకెరె వైపు కావలి నేలలు వేల ఎకరాలు రక్షణ, పరిశోధన సంస్థలకు పోయాయి. కాగితం మీద అవన్నీ ఒకే రకం ఎకరాలు.

మా ఇంట్లో ఆఖరి జత ఎద్దులను అమ్మింది ఒక మాఘమాసంలో. ఆ ఏడు వానలు బాగానే పడ్డాయి. అయినా ఉగాది దాటాక వీటిని ఎక్కడికి తోలేదని తాత సంతకు పట్టుకుపోయాడు.