జింకల మేతచేలలో సోయాచిక్కుడు: కలుపు నిర్వచనంలో వచ్చిన మార్పు

ఉపోద్ఘాతం:
పంటలో పంటకానిది కలుపు. ఈ నిర్వచనం సరళంగా కనిపించినా, ఆ పంట ఎవరి కోసమన్న ప్రశ్న అందులోనే దాగి ఉంది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో తెల్లతోక జింకల మేతకై వేసే సోయాచిక్కుడు చేల చరిత్ర ఆ ప్రశ్నను ముందుకు తెస్తుంది. గింజల సేద్యం నుండి అరువు తెచ్చుకొన్న కలుపు నివారణ పద్ధతులు ఈ చేలకు ఎంతవరకు పొసగాయో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

గ్రాసం నుండి గింజకు:
1765లో శామ్యూల్ బోవెన్ జార్జియాలో సోయాచిక్కుడును నాటించాడు. 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో అది అక్కడ ప్రధానంగా పశుగ్రాసపు పంట. గింజ కోసం వేసిన విస్తీర్ణం గ్రాసపు విస్తీర్ణాన్ని దాటింది 1941లో. రసాయనాలు వ్యాప్తిలోకి రాకముందు సాళ్ల మధ్య ఎడం ఉంచి, అంతరకృషితో కలుపును అణచేవారు. మొక్కలు ఎదిగి ఆకులు సాళ్లను కమ్మివేస్తే, ఆ నీడలో కొత్త కలుపు తలెత్తేది కాదు. ఆ నీడే సోయాచిక్కుడుకు సహజరక్షణ.

జింకల రాక:
విచ్చలవిడి వేట వల్ల 1900 నాటికి తెల్లతోక జింకలు సుమారు 5 లక్షలకు తగ్గిపోయాయని అంచనా. 1900 నాటి లేసీ చట్టం, 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం, రాష్ట్రాల పునరావాస కృషి ఫలితంగా శతాబ్దాంతానికి వాటి సంఖ్య కోట్లకు చేరింది. 1975లో ఆల్ బ్రదర్స్, మర్ఫీ రే రచించిన గ్రంథం, 1988లో దక్షిణ కరోలినాలో ఆరంభమైన క్వాలిటీ డీర్ మేనేజ్‌మెంట్ అసోసియేషన్ జింకల సంఖ్యతోపాటు వాటి పుష్టిపైనా దృష్టి మళ్లించాయి. వేసవిలో మాంసకృత్తులనిచ్చే ఆకుగా సోయాచిక్కుడుకు ఆదరణ లభించింది. గ్రాసంగా మొదలైన పంట మరో రూపంలో మళ్లీ గ్రాసమయింది.

చిక్కు కూడా ఇక్కడే మొదలైంది. జింక లేత చిగుళ్లనే ముందుగా కొరుకుతుంది. చిన్న చేనైతే మొక్క తలెత్తే లోపే మోడువారుతుంది. ఆకుల నీడ కమ్ముకోదు. నేలకు సోకిన వెలుతురు కలుపుకు ఊపిరి పోస్తుంది. కాబట్టి ఇక్కడ కలుపుకు తొలి కారణం మేతకు మించిన జింకల ఒత్తిడే.

ఒకే మందుపై ఆధారం:
1974లో విపణికి వచ్చిన గ్లైఫోసేట్‌ను తట్టుకొనే సోయా రకాలు 1996లో రైతులకు అందాయి. పంటపై నుంచే చల్లినా పంట నిలిచి కలుపు చచ్చేది. గుంటకలూ ట్రాక్టర్లూ లేని వేటగాళ్లకు సైతం సోయా సాగు సులభమయింది. కానీ ఏటా ఒకే మందు చల్లడంతో దానికి లొంగని మొక్కలే మిగిలి విత్తనమిచ్చాయి. 2000లో డెలావేర్‌లో మేర్స్‌టెయిల్, 2005లో జార్జియాలో పామర్ అమరాంథ్ గ్లైఫోసేట్‌ను తట్టుకొంటున్నట్లు నిర్ధారణ అయింది. తెలుగువారి తోటకూర జాతికే చెందిన పామర్ అమరాంథ్‌లో ఒక్క ఆడమొక్క లక్షల గింజలు రాల్చగలదు. దాని పుప్పొడి గాలిలో పొరుగు చేలకూ చేరుతుంది. 2016లో అయోవాలో పరిరక్షణ భూములలో చల్లిన విత్తన మిశ్రమాల ద్వారా కూడా ఈ మొక్క వ్యాపించింది. వన్యప్రాణుల మేలుకోరి వేసిన విత్తనమే రైతుకు కీడయ్యే ప్రమాదం దీనితో స్పష్టమయింది.

మారిన నిర్వచనం:
గింజల రైతుకు శత్రువులైన రాగ్‌వీడ్, పోక్‌వీడ్ వంటి మొక్కలు జింకకు పోషకాహారం. వాటిని మేతచేనులో సమూలంగా నిర్మూలించడమంటే మేతలో కొంత భాగాన్ని కాలరాయడమే. పామర్ అమరాంథ్ విషయం వేరు. అది గింజ కట్టకముందే పెరికివేయక తప్పదు. విత్తడానికి ముందే మొలిచిన కలుపును తొలగించడం, మొలకెత్తకముందు పనిచేసే మందును వాడడం, మందుల తీరును మార్చడం, పంటమార్పిడి, మొక్కలు నిలదొక్కుకొనేవరకు విద్యుత్ కంచె, జింకల సంఖ్యకు తగిన విస్తీర్ణం నేడు కలిపి ఆచరించదగిన మార్గాలు.

ఉపసంహారం:
గింజల సేద్యం నుండి మేతచేను మందును అరువు తెచ్చుకొంది. మందుతోపాటు కలుపు నిర్వచనమూ వచ్చి చేరింది. మొదటిది కొన్నేళ్లలోనే బలహీనపడగా, రెండవది ఆదినుంచీ పూర్తిగా పొసగలేదు. చేనులో ఏ మొక్క కలుపో నిర్ణయించేది మేసే జింక ఆకలి మాత్రమే కాదు, గట్టుకు ఆవలి రైతు క్షేమం కూడా. ఈ రెండింటినీ తూచి చూడడమే మేతచేనులో కలుపు నివారణకు సరైన ఆరంభం.