నీలం నుంచి ఇటుక రంగు దాకా

అరవై దాటిన చాలామందికి ఈ దృశ్యం గుర్తుండే ఉంటుంది. ఇంట్లో తాతకో నాయనమ్మకో షుగర్. వంటింటి గట్టు మీద స్పిరిట్ దీపం, చెక్క పటకారు, ఒక గాజు గొట్టం, సీసాలో నీలి మందు. గొట్టంలో ఆ మందు అయిదు మిల్లీలీటర్లు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం కలిపి మరిగించేవారు. ఇంటిల్లిపాదీ రంగు కోసం కాచుకుని కూర్చునేవారు. నీలంగానే ఉంటే ఆ పూటకు నిశ్చింత. ఆకుపచ్చకు తిరిగితే కాస్త తేడా చేసినట్టు. పసుపు, నారింజ దాటి ఇటుక రంగు వచ్చిందంటే ముందురోజు పెళ్ళి భోజనంలో ఏం జరిగిందో ఎవరూ చెప్పనక్కర్లేదు. మందులో ఉన్న రాగి లవణం చక్కెర తగలగానే రంగు మారుతుంది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దంలో అమెరికా రసాయన శాస్త్రవేత్త స్టాన్లీ బెనెడిక్ట్ తయారుచేసిన ఆ ద్రావణం, వేలి కొసన చుక్క రక్తంతో అంకె చూపించే మీటర్లు ఇళ్ళకు వచ్చేదాకా చక్కెర జబ్బు మనుషుల దినచర్యను శాసించింది.

ఆ జబ్బుకు రంగులతో ఇంతకన్నా దగ్గరి చుట్టరికం ఒకటుంది. ఇన్సులిన్ కథలో మొదట వినిపించే పేరు ఫ్రెడరిక్ బాంటింగ్. ఆయన తీరిక దొరికితే చేసిన పని బొమ్మలు వేయడం.

1920 జూలై. కెనడాలోని ఆంటేరియో రాష్ట్రంలో లండన్ అనే ఊరు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి, మిలిటరీ క్రాస్ పతకంతో తిరిగొచ్చిన ఇరవై ఎనిమిదేళ్ళ బాంటింగ్ అక్కడ ఇల్లు కొని బోర్డు పెట్టాడు. రోగులు రాలేదు. నాలుగు వారాలు గడిచాక వచ్చిన మొదటి మనిషి కూడా జబ్బుతో రాలేదు. అది మద్యనిషేధ కాలం. డాక్టరు చీటీ ఉంటే సారా దొరుకుతుంది. చీటీ కోసం వచ్చిన మాజీ సైనికుడతను. ఆ నెల మొత్తం రాబడి నాలుగు డాలర్లు. చేతినిండా తీరిక, జేబునిండా అప్పు. రంగుల డబ్బా, కుంచెలు కొని, పత్రికల్లో వచ్చిన బొమ్మలు చూసి దించడం ఆ ఊళ్ళోనే మొదలుపెట్టాడు. గురువు లేడు, శిక్షణా లేదు.

ఖర్చులకు స్థానిక విశ్వవిద్యాలయంలో చిన్న ఉద్యోగం చూసుకున్నాడు. క్లోమ గ్రంథి మీద పాఠం చెప్పాల్సి వచ్చి, అక్టోబరు చివరి రాత్రి ఒక వైద్య పత్రికలో మోజెస్ బారన్ రాసిన వ్యాసం చదువుతూ పడుకున్నాడు. నిద్ర పట్టలేదు. రాత్రి రెండింటికి లేచి నోట్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాసుకున్నాడు: కుక్క క్లోమ నాళాన్ని ముడివేసి, గ్రంథి శుష్కించాక మిగిలే స్రావాన్ని వేరుచేసి చూడాలని. ఆ చీటీలో డయాబెటిస్ అన్న మాటకు స్పెల్లింగు తప్పు. ఆ జబ్బు గురించి అప్పటికి ఆయనకు తెలిసింది అంతంతమాత్రమే.

జబ్బు మాత్రం కొత్తదేం కాదు. మూత్రానికి చీమలు పట్టడాన్ని మన పాత వైద్యులు ఏనాడో గమనించి మధుమేహం అని పేరు పెట్టారు. స్థూలకాయులకు వచ్చేది వేరు, బక్కపలచని వాళ్ళకు వచ్చేది వేరు అని కూడా చరక, సుశ్రుత సంహితలు గుర్తించాయి. గుర్తించడం తెలుసు కానీ ఆపడం ఎవరికీ తెలియలేదు. చాలా శతాబ్దాలు అలాగే గడిచాయి.

ఇన్సులిన్ లేని ఆ కాలంలో చక్కెర జబ్బుతోనే జీవితంలోని గొప్ప బొమ్మలు వేసిన మనిషి ఫ్రాన్సులో ఉన్నాడు. పాల్ సెజాన్‌కు 1890 ప్రాంతంలో, యాభై ఏళ్ళ వయసులో, షుగర్ బయటపడింది. తరవాత పదహారేళ్ళు బతికాడు. తన సొంతూరు ఎక్స్ చుట్టూ ఉన్న గుట్టలూ పైన్ చెట్లూ, ఎదురుగా సెంట్ విక్టోయిర్ కొండ. ఆ కొండనే మళ్ళీ మళ్ళీ వేశాడు. 1906 వేసవిలో కొడుక్కి రాసిన ఉత్తరాలు చదివితే బొమ్మల కన్నా ముందు ఒంటి సంగతులే కనిపిస్తాయి: ఎండ భరించలేకుండా ఉంది, బండివాడు కిరాయి పెంచితే మాన్పించాను, నది ఒడ్డున నీడలో కూర్చుని పనిచేస్తున్నాను. అక్కడే, కూర్చున్న చోటు నుంచి కదలకుండా కాస్త కుడికో ఎడమకో ఒరిగితే చాలు, నెలల తరబడి వేయడానికి కావలసినన్ని దృశ్యాలున్నాయని కూడా రాశాడు. కాళ్ళు మొరాయించే మనిషికి ఆ మాట అర్థమైనంతగా కళా విమర్శకులకు అర్థమవుతుందా అన్నది సందేహమే.

ఆ అక్టోబరు 15న బయట బొమ్మ వేస్తుండగా గాలివాన ముంచెత్తింది. గంటలకొద్దీ తడిసిన ఆయన్ని చాకలి బండి మీద వేసి ఇంటికి చేర్చారు. మర్నాడు లేచి తోటలోకి వెళ్ళి తోటమాలి బొమ్మ ముందు నిలబడ్డాడు. 17న రాసిన ఉత్తరం రంగుల దుకాణానికి. ఆర్డరిచ్చి వారమైనా తాను అడిగిన ఎర్రరంగు రాలేదు, ఏమిటి సంగతి అని నిలదీశాడు. ఆ తరవాత అయిదారు రోజులకే కన్నుమూశాడు.

సెజాన్‌ది పెద్దవయసులో, నెమ్మదిగా వచ్చిన జబ్బు. పిల్లలకు వచ్చేది అంత ఓపిక పట్టదు. 1910ల్లో అమెరికాలో ఫ్రెడరిక్ అలెన్ అనే డాక్టరు ఒక్కటే దారి చూపించాడు. అది కడుపు మాడ్చడం. కూరగాయల్ని మూడుసార్లు ఉడికించి, ఉడికిన నీళ్ళు పారబోసి, సారం పోయిన పిప్పి పెట్టేవారు. గ్రాముల లెక్కన తూచి పెట్టే ఆ తిండితో ప్రాణం కొన్నాళ్ళు నిలిచేది. మన పత్యాలు ఎంత కఠినమైనా ఇంత దూరం పోలేదు.

ఆ శిక్షను మూడేళ్ళకు పైగా భరించిన పిల్ల ఎలిజబెత్ హ్యూస్. అమెరికా విదేశాంగ మంత్రి చార్ల్స్ ఎవాన్స్ హ్యూస్ కూతురు. 1919లో, పదకొండేళ్ళప్పుడు జబ్బు బయటపడింది. అప్పుడు ముప్ఫై నాలుగు కిలోలున్న పిల్ల 1922 ఆగస్టులో, పదిహేనో పుట్టినరోజుకు మూడు రోజుల ముందు, టొరంటోలో బాంటింగ్ ఎదుట నిలబడేసరికి ఇరవై కిలోలు. తల్లి దగ్గర లేనప్పుడల్లా ఆ పిల్ల ఉత్తరాలు రాసేది: ఏం తిన్నాను, ఏం చదివాను, ఎంత బరువున్నాను అని. టొరంటో చేరాక ఆ ఉత్తరాల తీరే మారిపోయింది. ఏళ్ళ తరవాత రొట్టె తిన్నానని రాసింది. సూది నొప్పి గురించీ రాసింది, కానీ ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు. ఆ ఉత్తరాలు ఇప్పుడు టొరంటో విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో ఉన్నాయి. ఇన్సులిన్ ఎలా దొరికిందో చెప్పే పుస్తకాలు చాలానే ఉన్నాయి. అది ఒంట్లోకి వెళ్ళిన మొదటి వారాల్లో ఎలా ఉంటుందో చెప్పేవి మాత్రం ఇలాంటి కాగితాలే.

అదే వేసవిలో బాంటింగ్ దగ్గరికి టెడ్డీ రైడర్ అనే అయిదేళ్ళ పిల్లాడూ వచ్చాడు. బరువు పన్నెండు కిలోలు. మరుసటి ఏడాది డాక్టరుగారికి తన చేతిరాతతో ఉత్తరం వేశాడు. తాను లావయ్యాననీ చెట్టెక్కగలననీ అందులో సమాచారం. డెబ్భై ఆరేళ్ళు బతికి 1993లో చనిపోయాడు.

ఇంతకీ ఆ మందు ఎలా తయారైందంటే, కథ పొడవైనదే, తగువులతో నిండినదే. 1921 మే నెలలో టొరంటోలో ప్రొఫెసర్ మెక్లియడ్ ఇచ్చిన గదిలో బాంటింగ్, యువకుడు చార్ల్స్ బెస్ట్ పని మొదలుపెట్టారు. డిసెంబరులో జేమ్స్ కోలిప్ చేరి స్రావాన్ని శుద్ధి చేశాడు. 1922 జనవరి 11న పద్నాలుగేళ్ళ లెనార్డ్ థామ్సన్‌కు ఇచ్చిన మొదటి సూది సరిగా పనిచేయలేదు. 23న ఇచ్చిన శుద్ధమైన మందు పనిచేసింది. పేటెంటును బాంటింగ్, బెస్ట్, కోలిప్ టొరంటో విశ్వవిద్యాలయానికి ఒక్కొక్కరూ ఒక్క డాలరుకు రాసిచ్చేశారు. 1923లో నోబెల్ బహుమతి బాంటింగ్‌కూ మెక్లియడ్‌కూ వచ్చింది. బెస్ట్‌ను వదిలేశారని బాంటింగ్ మండిపడి తన వాటాలో సగం అతనికిచ్చాడు. మెక్లియడ్ కోలిప్‌కిచ్చాడు.

మందు వచ్చాక జబ్బు పోలేదు, దినచర్యగా మారింది. గాజు సిరంజి మరిగించడం, మొద్దుబారిన సూదిని నూరుకోవడం, తిండి తూచుకోవడం, గొట్టంలో రంగు చూసుకోవడం. ఆ బతుకు ఎలా బతకాలో డాక్టరు చెబితే చాలదు, బతుకుతున్నవాడు చెప్పాలి. ఇంగ్లండులోని లండన్ నగరంలో రాబిన్ లారెన్స్ సరిగ్గా అలాంటివాడు. డాక్టరు, షుగర్ మనిషి. ఎలాగూ చనిపోతానని తెలిసి ఇటలీలోని ఫ్లోరెన్సు వెళ్ళి అక్కడే డాక్టరుగా ప్రాక్టీసు చేసుకుంటుండగా, 1923లో ఇన్సులిన్ వచ్చింది, పనిచేస్తోంది, వెంటనే రమ్మని మిత్రుడి నుంచి తంతి. సగం చచ్చిన ఒంటితో కారు నడుపుకుంటూ ఇంగ్లండు చేరాడు. రోగుల కోసం పుస్తకాలు రాశాడు. 1934లో, తనలాగే షుగర్ ఉన్న నవలాకారుడు హెచ్.జి. వెల్స్‌తో కలిసి రోగుల సంఘం పెట్టాడు. ఏడాది తిరిగేసరికి వాళ్ళకంటూ ఒక పత్రిక కూడా వచ్చింది.

ఎలిజబెత్ దారి ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. పెళ్ళి చేసుకుంది, ముగ్గురు పిల్లల్ని కంది, సంఘసేవ చేసింది, 1981లో మరణించేదాకా సుమారు 42,000 సూదులు వేసుకుంది. బయట ఎవరికీ చెప్పలేదు. తండ్రి కాగితాల్లో తన జబ్బు ప్రస్తావన ఉన్న చోట్లను తీసేయించింది. తల్లికి అంత విప్పి చెప్పిన పిల్ల లోకానికి నోరు విప్పలేదు. మన ఇళ్ళల్లో కూడా పెళ్ళి సంబంధాల దగ్గర ఈ మౌనం కొత్తేమీ కాదు కనక ఆమెను తప్పుపట్టే హక్కు మనకు పెద్దగా లేదు.

మౌనం బాంటింగ్‌కూ కావాలనిపించింది, వేరే కారణానికి. ముప్ఫై రెండేళ్ళకే నోబెల్. తరవాత ప్రతివాళ్ళూ అడిగేది ఒక్కటే: ఇంకా ఏం కనిపెట్టారు? అదే స్థాయిలో మరొకటి దొరకలేదు. కుంచె ముందు ఆ ప్రశ్న అడిగేవాళ్ళు లేరు. టొరంటోలోని కళాకారుల క్లబ్బులో ఎ.వై. జాక్సన్ పరిచయమయ్యాడు. కెనడా ఉత్తరాది అడవుల్నీ మంచునీ గీసి దేశానికి కొత్త చూపునిచ్చిన ఏడుగురు చిత్రకారుల బృందంలో జాక్సన్ ఒకడు. ఆ బృందం తొలి ప్రదర్శన 1920లో, బాంటింగ్ ఖాళీ క్లినిక్ తెరిచిన ఏడాదే. ఇద్దరూ జతకట్టారు.

1927 మార్చిలో జాక్సన్ ఆయన్ని క్విబెక్‌లో సెంట్ లారెన్స్ నది ఒడ్డున ఉన్న సెన్ జాన్ పోర్ట్ జోలీ అనే పల్లెకు తీసుకెళ్ళాడు. గడ్డకట్టే గాలి. కంచె చాటున నక్కి, రంగుల పెట్టెలోకి మంచు కురుస్తుంటే వణుకుతూ, బొమ్మలేయడం నాజూకు మనుషుల పనని ఇన్నాళ్ళూ అనుకున్నానని బాంటింగ్ గొణిగాడట. యుద్ధం చూసిన మనిషి మాట అది. ఆ వేసవిలో ఇద్దరూ బియోతిక్ అనే సరఫరా ఓడ ఎక్కి ఆర్కిటిక్ వెళ్ళారు. అరచేతి పలకల మీద మంచుకొండలూ ఎస్కిమోల గుడారాలూ వేశారు. బాంటింగ్ బొమ్మల్లో జాక్సన్ నీడ స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన సొంత చెయ్యి తిరగడానికి ఇంకా పదేళ్ళు పట్టేదేమో. యాభై నిండాక ప్రయోగశాల వదిలేసి పూర్తిగా బొమ్మలకే అంకితమవుతానని జాక్సన్‌తో చెబుతుండేవాడు.

1941 ఫిబ్రవరిలో యుద్ధం పని మీద ఇంగ్లండుకు బయల్దేరిన బాంబర్ విమానం న్యూఫౌండ్‌లాండ్‌లో మస్గ్రేవ్ హార్బర్ దగ్గర కూలింది. గాయాలతో బాంటింగ్ చనిపోయాడు. యాభై నిండడానికి ఇంకా తొమ్మిది నెలలు. ఆయన పుట్టినరోజు నవంబరు 14నే ప్రపంచమంతా మధుమేహ దినంగా జరుపుకుంటోంది. మన దేశంలో అదే రోజు బాలల దినోత్సవం కావడం యాదృచ్ఛికమే అయినా, చాక్లెట్లు పంచే ఆ రోజునే షుగర్ గురించిన హెచ్చరికలు కూడా పేపర్లలో పక్కపక్కనే పడుతుంటాయి.

బాంటింగ్ బొమ్మల్లో ఎక్కువభాగం మంచూ పల్లె ఇళ్ళూ అయితే, ఒకటి మాత్రం వేరు. 1925లో వేసిన దాని పేరు ‘ది ల్యాబ్’. టొరంటోలో తాను పనిచేసిన ప్రయోగశాల, బల్ల మీద గాజు పాత్రలు. 2018 నవంబరులో టొరంటోలో వేలానికి వచ్చినప్పుడు ఇరవై, ముప్ఫై వేల డాలర్లు పలుకుతుందని అంచనా వేశారు. 3,13,250 కెనడా డాలర్లకు పోయింది. అందులో కొంత భాగాన్ని ఆ ఊళ్ళోనే బాంటింగ్, బెస్ట్‌ల పేరిట ఉన్న మధుమేహ కేంద్రానికి ఇచ్చారు.